సభలో పుట్టిన పాఠం: మంచిర్యాల సీమ పాట, దాని ధ్వనిముద్రణల చరిత్ర

గోదావరి ఉత్తరపు ఒడ్డున ఉన్న మంచిర్యాల మొదలుకొని మందమర్రి, బెల్లంపల్లి మీదుగా ఆసిఫాబాద్, ఉట్నూరు అడవుల దాకా సాగే నేల మీద గత నూరేళ్లలో మూడు రకాల గానసంప్రదాయాలు పక్కపక్కనే బతికాయి. ఆదివాసీ గూడేల్లో వంశచరిత్రలు వినిపించే పర్ధాన్‌ల గానం ఒకటి, పల్లెల్లో తెల్లవార్లూ నడిచే ఒగ్గుకథ మరొకటి, బొగ్గుబాయిల చుట్టూ పెరిగిన కార్మికవాడల్లో బలం పుంజుకున్న ఉద్యమగీతం మూడవది. పుట్టుకలోనూ ప్రయోజనంలోనూ వేరువేరైన ఈ మూడింటినీ కలిపే లక్షణం ఒకటున్నది: వీటిలో ఏదీ కాగితం మీద పూర్తికాదు, జనం ఎదుట పాడినప్పుడే పూర్తవుతుంది. కాబట్టి ఈ సీమ పాటకు మూలప్రతి అంటే ప్రత్యక్షంగా పాడుతున్నప్పుడు పట్టుకున్న ముద్రణే తప్ప, స్టూడియోలో శుభ్రపరిచి విడుదల చేసిన పాట కాదు. ఇక్కడి పాటకు సమగ్ర సంపుటి కట్టదలచినవారు మొదట ఒప్పుకోవలసిన సత్యం ఇదే.

సమగ్ర సంపుటి అనే ఊహ మరో దేశపు సంగీతంలో ఎట్లా రూపుదిద్దుకున్నదో చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. 1960ల చివర ఇంగ్లండులో ప్రోగ్రెసివ్ రాక్ అనే సంగీతరీతి తలెత్తింది. మూడు నిమిషాల పాట హద్దును దాటి, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, జాజ్, జానపద బాణీల పోకడలను కలుపుకొని, ఒక్కొక్క రచనను పది ఇరవై నిమిషాల దాకా విస్తరించిన రాక్ సంగీతమది. ఆ బృందాలు విడుదల చేసిన రికార్డులు ఒక ఎత్తయితే, కచేరీల్లో అవే రచనలను రోజుకో తీరుగా మార్చి వాయించినది మరో ఎత్తు. శ్రోతలు ఆ రెండవదాని విలువ గుర్తించాక బాక్స్ సెట్లు, అంటే ఒక బృందం జీవితకాలపు సంగీతాన్ని పలు డిస్కుల్లో చేర్చి వివరణ పుస్తకంతో సహా ఒకే పెట్టెలో అందించే సంపుటాలు, వెలువడసాగాయి. 1988లో జెథ్రో టల్ బృందం తన ఇరవయ్యేళ్ల ప్రస్థానానికి గుర్తుగా తెచ్చిన అయిదు ఎల్పీల సంపుటిలో రేడియో కోసం వాయించినవి, అరుదైనవి, అంతకుముందు పక్కన పెట్టినవి విడివిడి భాగాలుగా కూర్చారు. కింగ్ క్రిమ్సన్ బృందం 1973-74 నాటి కచేరీ ముద్రణలను నాలుగు సీడీలుగా 1992లో విడుదల చేసింది. ఒకే రచన వేరువేరు రాత్రుల్లో ఎట్లా మారిందో పక్కపక్కన పెట్టి వినడానికి వీలు కలిగించడమే ఆ సంపుటాల సారం. ఈ పద్ధతి ఆ సంగీతానికి ఎంత అవసరమో, పాటను ప్రతి సభలోనూ కొత్తగా కట్టే ఉత్తర తెలంగాణకు అంతకన్నా ఎక్కువ అవసరం.

ఈ సీమలో అన్నిటికన్నా పాతది పర్ధాన్‌ల గానం. పర్ధాన్‌లు రాజ్‌గోండుల వంశాలకు వంతుకట్టిన గాయకులు. ఒక్కొక్క పర్ధాన్ కుటుంబం ఒక్కొక్క గోండు వంశానికి చెంది, ఆ వంశదేవత పుట్టుకనూ పూర్వీకుల వలసలనూ తరతరాలుగా పాడుతూ వస్తున్నది. వాళ్ల చేతిలోని కిక్రి మూడు తీగల వాద్యం. దాన్ని కమానుతో వాయిస్తారు. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు మొదలయ్యే నాగోబా జాతరకు ముందు మెస్రం వంశస్థులు కాలినడకన సాగి, నేటి మంచిర్యాల జిల్లా జన్నారం మండలంలోని కలమడుగు దగ్గర, హస్తినమడుగు అనే చోట గోదావరి జలం తీసుకొని తిరిగి వెళ్తారు. ఆ యాత్రకూ పూజకూ ప్రాణం పర్ధాన్ చెప్పే కథే. కథ వస్తువు మారకపోయినా, ఏ ఘట్టాన్ని పెంచాలో, దేన్ని క్లుప్తంగా దాటవేయాలో గాయకుడు ఆ పూట కూర్చున్నవారిని బట్టి నిర్ణయిస్తాడు.

ఈ గానాన్ని బయటి ప్రపంచానికి మొదట విస్తారంగా పరిచయం చేసినవాడు ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. జోడేఘాట్‌లో గోండు పోరాట నాయకుడు కొమురం భీం మరణించిన 1940 తర్వాతి కాలంలో, మార్లవాయిలో నివాసం ఏర్పరచుకొని, గోండుల పురాణాలనూ క్రతువులనూ నమోదు చేసి, 1948లో ఆదిలాబాదు రాజ్‌గోండుల మీద గ్రంథం ప్రచురించాడు. ఆయన తీసిన ఫొటోలూ కదిలే చిత్రాలూ లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. అయితే పుస్తకంలోకి ఎక్కిన పురాణం గానంలోని అర్థాన్ని నిలుపుతుందే గాని, కిక్రి శ్రుతినీ, గాయకుడు ఊపిరి తీసుకునే తావునూ, వినేవాళ్ల ఊకొట్టునూ నిలపదు. అక్షరం ఆగిన చోటనే ధ్వనిముద్రణ అవసరం మొదలవుతుంది.

ధ్వనిముద్రణ మన దేశానికి తొందరగానే వచ్చింది గాని ఈ రకం పాటకు అనుకూలమైన రూపంలో రాలేదు. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటలు ముద్రించినప్పటి నుంచి, నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డే అర్ధశతాబ్దం పాటు రాజ్యమేలింది. దాని ఒక్కొక్క వైపున పట్టేది దాదాపు మూడు నిమిషాలు. శాస్త్రీయ గాయకులు రాగాన్ని ఆ మూడు నిమిషాల్లో ఇమిడ్చారు. తెలుగు నాటకాలను కంపెనీలు పలు రికార్డుల సెట్లుగా కట్టి అమ్మాయి. తెల్లవార్లూ నడిచే కథకు మాత్రం ఆ పలక చాలలేదు. పైగా రికార్డు కొనే స్తోమత పట్టణ మధ్యతరగతికి ఉండడం వల్ల, కంపెనీలు ముద్రించదలచినవి వాళ్ల అభిరుచికి తగినవే అయ్యాయి. జార్జి గ్రియర్సన్ నిర్వహించిన భారతీయ భాషా సర్వేక్షణలో భాగంగా గ్రామఫోన్ రికార్డులకెక్కిన భాషల్లో తెలుగుతో పాటు గోండి కూడా ఉన్నదిగాని, అక్కడి ఉద్దేశం భాష నమూనా పట్టుకోవడమే తప్ప కళను పట్టుకోవడం కాదు.

ఒగ్గుకథ స్వరూపాన్ని గమనిస్తే ఆ పలక ఎంత ఇరుకైనదో బోధపడుతుంది. ఒగ్గు అంటే శివుడి డమరుకం వంటి చిన్న వాద్యం. దాని పేరు మీదే ఈ కళకు పేరు వచ్చింది. కురుమ, గొల్ల కులాలకు ఆశ్రితులైన ఒగ్గు పూజారులు మల్లన్న కథ, బీరప్ప కథ మొదలైనవాటిని డోలు, తాళాల తోడుతో పాటగా, మాటగా, ఆటగా నడిపిస్తారు. ప్రధాన కథకుడు ఒక పాదం ఎత్తుకుంటే వంతగాళ్లు అందుకుంటారు. నడుమ ఎదురుప్రశ్నలు వేస్తారు. ఆ ఊరి సంగతి ఏదైనా ఉంటే కథలోకి లాగుతారు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు, జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య వంటి మహాకళాకారులు ఈ కళను రేడియో దాకా, రాజధాని వేదికల దాకా తీసుకుపోయారు. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసిన తర్వాత హైదరాబాదు కేంద్రమూ, 1986లో మొదలైన ఆదిలాబాదు కేంద్రమూ జానపద కార్యక్రమాలకు చోటిచ్చాయి. ఆదిలాబాదు కేంద్రం గోండి భాషలోనూ కార్యక్రమాలు ప్రసారం చేసింది. రేడియో స్టూడియో మూడు నిమిషాల హద్దును అరగంట దాకా జరిపింది గాని, ఎదురుగా కూర్చున్న ఊరిని స్టూడియోలోకి తేలేకపోయింది.

మూడవ పాటకు నేపథ్యం రైలు, బొగ్గు, సిమెంటు. కాజీపేట నుంచి బల్లార్షాకు పోయే రైలుమార్గం 1929 నాటికి పూర్తయి ఉత్తర దక్షిణాలను కలపడంతో, అదే కాలంలో బెల్లంపల్లిలో బొగ్గుబాయిలు తెరుచుకోవడంతో ఈ అడవి అంచుకు పని వెతుక్కుంటూ జనం వచ్చి చేరారు. స్వాతంత్ర్యానంతరం మంచిర్యాలలో సిమెంటు కర్మాగారం వెలిసింది. మందమర్రి, శ్రీరాంపూర్, రామకృష్ణాపూర్‌లు గని పట్టణాలుగా పెరిగాయి. కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి, ఆంధ్ర ప్రాంతం నుంచి, దేశంలోని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఒకే వాడలో, ఒకే షిఫ్టులో కలిసినప్పుడు వాళ్లవాళ్ల బాణీలు కూడా కలిశాయి. బతుకమ్మ పాట వరుస, ఒగ్గు దరువు, డప్పు చిందు ఒకే పాటలో వినిపించడం ఈ వాడల్లో వింత కాలేదు.

ఈ కలయికకు 1970ల రాజకీయం పదును పెట్టింది. 1972లో ఏర్పడిన జననాట్యమండలి పల్లె బాణీలకు కొత్త మాటలు కట్టే పద్ధతిని ఊరూరా వ్యాపింపజేసింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన రైతుకూలీల ఊరేగింపు, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో ఆదివాసుల మీద జరిగిన పోలీసు కాల్పులు, అదే ఏడు సింగరేణి బొగ్గుగనుల్లో సాగిన దీర్ఘకాలపు సమ్మె, ఒకటి వెనుక ఒకటి పాటల్లోకి ప్రవేశించాయి. మంచిర్యాల ప్రాంతం ఈ ఉద్యమానికి ఒక మహాకవిని ఇచ్చింది. దండేపల్లి మండలం లింగాపురంలో 1955లో జన్మించి, వృత్తిరీత్యా ఫార్మసిస్టుగా జీవించిన గూడ అంజయ్య కట్టిన ‘ఊరు మనదిరా’ అనేక భారతీయ భాషల్లోకి పోయింది. ఆయన కట్టిన ‘భద్రం కొడుకో’ను ఉద్యమ గాయకుడు గద్దర్ 1983 నాటి ‘రంగుల కల’ చిత్రంలో పాడాడు. 2016 జూన్‌లో అంజయ్య కన్నుమూసే నాటికి ఆయన పాటలు పాడుతున్నవారిలో, అవి ఎవరు కట్టారో ఎరుగనివారు కూడా ఎందరో ఉన్నారు. ఒక కవికి అంతకన్నా గొప్ప గౌరవం ఉండకపోవచ్చు. చరిత్రకారుడికి మాత్రం అది పెద్ద చిక్కు.

ఆ చిక్కు ఎటువంటిదో తెలియజేసే ఉదాహరణ కొంచెం ముందటి తరంలో దొరుకుతుంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన ‘బండెనుక బండి కట్టి’ని నేటి శ్రోతలు ఎరిగినది ప్రధానంగా బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1980లో విడుదలైన ‘మా భూమి’ చిత్రం ద్వారా, అందులో తెర మీద కనిపిస్తూ పాడిన గద్దర్ గొంతు ద్వారా. నలభయ్యవ దశకంలో ఊరూరా తిరిగిన పాట మూడు దశాబ్దాల తర్వాత, వేరొక గాయకుడి నోట, సినిమాకు తగిన కొలతతో స్థిరపడింది. ఆ సినిమా చేసిన మేలు కొలవలేనిది. అది లేకపోతే ఆ పాటకు అంత వ్యాప్తి వచ్చేది కాదు. కాని ఒక్క ముద్రణ అంతటి ప్రచారం పొందినప్పుడు అదే అసలు పాఠమనే భ్రమ కలుగుతుంది, దానికి ముందూ వెనుకా ఉన్న పాఠాలు మరుగున పడతాయి.

ఈ స్థితిని మార్చినది క్యాసెట్. ఫిలిప్స్ కంపెనీ 1963లో ప్రవేశపెట్టిన ఈ చిన్న టేపు పెట్టె 1970ల చివర నుంచి మన దేశంలో విస్తరించి, పెద్ద రికార్డు కంపెనీల గుత్తాధిపత్యాన్ని బద్దలు కొట్టింది. ఆ పరిణామాన్ని సంగీత పరిశోధకుడు పీటర్ మాన్యుయెల్ 1993లో ‘క్యాసెట్ కల్చర్’ అనే గ్రంథంలో విశ్లేషించాడు. క్యాసెట్ విప్లవానికి కారణం చవక ఒక్కటే కాదు. వినే యంత్రమే ముద్రించే యంత్రం కూడా కావడం. లక్క రికార్డును కొని వినడమే తప్ప ఇంట్లో తయారుచేయడం సాధ్యం కాదు. టేప్‌రికార్డరులో రెండు మీటలు కలిపి నొక్కితే ఎవరైనా ముద్రాపకుడే. కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు పనికిపోయినవాళ్లు తిరిగి వచ్చేటప్పుడు తెచ్చే వస్తువుల్లో టేప్‌రికార్డరు ఒకటి కావడంతో, ఇతర ప్రాంతాల్లో పట్టణాలకే పరిమితమైన యంత్రం ఇక్కడి పల్లెల్లోకి త్వరగా చేరింది.

అట్లా సభల్లో పట్టిన టేపును నిదానంగా వింటే స్టూడియో పాటలో లేని ఎన్నో సంగతులు బయటపడతాయి. ముందుగా మైకుసెట్టు సరిచేస్తున్నప్పటి కూత, తర్వాత వక్త పిలుపు, ఆపైన డప్పు ఎత్తుగడ వినిపిస్తాయి. డప్పు దెబ్బ బలానికి టేపు తట్టుకోలేక ఆ క్షణాన గొంతు కొంచెం చితికినట్టు వినిపించడం ఇటువంటి ముద్రణలన్నిటిలోనూ ఉండే గుణం. గాయకుడు పల్లవి ఎత్తుకోగానే వంతలు అందుకుంటారు. రెండవ మారు పల్లవిని వంతలతో పాటు జనం కూడా పాడతారు. చరణానికీ చరణానికీ నడుమ గాయకుడు పాట ఆపి, దరువు మాత్రం సన్నగా నడుస్తుండగా, మాట మొదలుపెడతాడు. ఆ మాటలో ఆ ఊరి పేరు, ఆ బాయి పేరు, ఆ వారం జరిగిన ప్రమాదం వస్తాయి. జనం స్పందన బలంగా ఉంటే మాట పెరుగుతుంది, అప్పటికప్పుడు కొత్త చరణం పుడుతుంది. లేకపోతే పాట తొందరగా ముగుస్తుంది. అచ్చులో రెండు పుటలు నిండని పాట సభలో పావుగంట నడవడానికి కారణం ఇదే. కింగ్ క్రిమ్సన్ కచేరీ ముద్రణల్లో వాద్యకారులు అప్పటికప్పుడు కల్పించిన భాగాలకు పరిశోధకులు ఏ ప్రాధాన్యం ఇచ్చారో, ఇక్కడ ఈ నడిమి మాటకు అదే ప్రాధాన్యం ఇవ్వవలసి ఉన్నది. పాటల పుస్తకాలు అచ్చువేసినవారు ఈ భాగాన్ని పాటలో లెక్కించలేదు. క్యాసెట్ మాత్రం విడవకుండా పట్టుకున్నది.

1990లో ప్రభుత్వ ఆంక్షలు సడలిన కొద్దికాలం జననాట్యమండలి సభలు బహిరంగంగా జరిగి, ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో గద్దర్ పాటకు జనం పోటెత్తారు. అంతకు ముందూ తర్వాతా, నిర్బంధం బిగిసిన కాలంలో ఈ పాటల టేపులు చేతి నుంచి చేతికి నకళ్లుగా ప్రయాణించాయి. నకలుకు నకలు తీసినకొద్దీ పైస్థాయి శబ్దాలు తగ్గి, టేపు బుసబుస పెరుగుతుంది. కాబట్టి ఒక టేపు మూలానికి ఎన్ని మెట్ల దూరంలో ఉన్నదో అనుభవమున్న చెవి అంచనా వేయగలదు. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం, అంటే ఆట, పాట, మాట కలిపి గంటల తరబడి నడిపే సాంస్కృతిక సభ, ఇదే గాన పద్ధతిని తెలంగాణ రాష్ట్ర ఉద్యమానికి వాహకం చేసింది. 2011లో సింగరేణి కార్మికులు పాల్గొన్న సకలజనుల సమ్మె నాటికి క్యాసెట్ స్థానాన్ని సీడీ, సీడీ స్థానాన్ని సెల్‌ఫోన్ ఆక్రమిస్తూ వచ్చాయి. ముద్రణలు వేలరెట్లు పెరిగినా, ఎక్కడ ఎప్పుడు ఎవరు పాడినదో చెప్పే వివరం వాటితో పాటు ప్రయాణించలేదు.

ఇప్పుడు కాలం తక్కువగా ఉన్నది. క్యాసెట్‌లోని టేపు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పైనా లేని పలుచని ప్లాస్టిక్ పట్టీ. దాని మీద జిగురుతో అంటించిన ఇనుప ఆక్సైడు రేణువుల అమరికలోనే శబ్దం నిక్షిప్తమై ఉంటుంది. వేడికీ తేమకూ జిగురు చెడుతుంది, బూజు పడుతుంది, చుట్టలోని ఒక పొర శబ్దం పక్క పొరకు సన్నగా అంటుకుంటుంది. టేపు బాగున్నా, దాన్ని సరైన వేగంతో తిప్పే యంత్రాలు, బాగుచేసే మెకానిక్కులు తగ్గిపోతున్నారు. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం, సెకనుకు కనీసం 48 వేల నమూనాలు, నమూనాకు 24 బిట్లు ఉండే డిజిటల్ రూపంలో, శబ్దాన్ని కుదించకుండా భద్రపరచాలని సూచిస్తున్నది. శ్రోతకు వినిపించేటప్పుడు బుస తగ్గించుకోవచ్చు గాని, భద్రపరిచే ప్రతిలో ఏమీ తొలగించకూడదన్నది ఆ సూత్రం. దీన్ని పాటించకుండా సభ చప్పుడును రొదగా ఎంచి తుడిచేస్తే, వంత కలిపిన జనం చరిత్ర నుంచి తుడిచిపెట్టుకుపోతారు.

భద్రపరచడం సగం పని. మిగతా సగం పరిష్కరణ. దానికి తెలుగులోనే గట్టి పూర్వోదాహరణ ఉన్నది. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను 1829లో ప్రచురించడానికి ముందు పలు తావుల నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించి, పాఠాంతరాలను సరిపోల్చాడు. 1950లలో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాల మీద ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన, నోటిపాటకు కూడా శాస్త్రీయమైన సేకరణ పద్ధతి అవసరమని నిరూపించింది. తాటాకుకూ నోటిమాటకూ చూపిన ఆ శ్రద్ధను టేపుకు కూడా చూపాలి. అయితే తాళపత్ర పరిష్కర్త పాఠాంతరాలలో మేలైనదాన్ని పైన ఉంచి తక్కినవాటిని అధోజ్ఞాపికల్లోకి దించుతాడు. పాట పరిష్కర్త ఆ పని చేయరాదు. మందమర్రిలో పాడినదీ, మార్లవాయిలో పాడినదీ, హైదరాబాదులో పాడినదీ మూడు మూలాలే. ప్రతి ముద్రణకూ తేదీ, ఊరు, సందర్భం, గాయకుడు, వంతలు, వాద్యాలు, ముద్రించిన యంత్రం, నకలు తరం అనే వివరాలు జతచేసి, నడిమి మాటతో సహా పూర్తి పాఠాన్ని రాసి, గోండి గానమైతే తెలుగు అర్థాన్ని కూడా చేర్చినప్పుడే సంపుటి పూర్తయినట్టు.

హక్కుల ప్రశ్నను కూడా దాటవేయరాదు. భారతీయ చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు 60 ఏళ్లు, ప్రదర్శించిన కళాకారుడి హక్కు 50 ఏళ్లు సాగుతుంది. సామూహికంగా కట్టిన పాటకు, తరతరాలుగా ఒక వంశానికి చెందిన పురాణానికి ఈ లెక్క సూటిగా సరిపోదు. పర్ధాన్ గానంలో కొన్ని ఘట్టాలు పూజలో మాత్రమే పాడదగినవి. వాటిని బజారులో పెట్టే అధికారం సేకర్తకు లేదు. కవి కుటుంబం, గాయకుల బృందం, వంశపెద్దల అంగీకారం పొంది, వచ్చే ఆదాయంలో వాళ్లకు న్యాయమైన వాటా ఇచ్చే ఏర్పాటు మొదటే చేయాలి.

ఈ పనికి కావలసిన సాధనాలు అందని దూరంలో లేవు. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉన్నది. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ 1982లో నెలకొల్పిన సంగీత భాండాగారం దేశంలో ఇటువంటి ముద్రణలను భద్రపరిచే పద్ధతులకు దారి చూపింది. మొదటి సంపుటిగా గూడ అంజయ్య పాటలను తీసుకొని, ఒక్కొక్క పాటకు దొరికినన్ని సభాముద్రణలను కాలక్రమంలో పేర్చితే, ఒక కవి జీవితంతో పాటు నాలుగు దశాబ్దాల ఉత్తర తెలంగాణ ప్రజాజీవితం అందులో వినిపిస్తుంది. రెండవ సంపుటి పర్ధాన్‌లది, మూడవది ఒగ్గు గురువులది కావచ్చు. పెద్ద పేర్లున్న కళాకారుల గొంతులు ఏదో ఒక రూపంలో నిలుస్తాయి. ఇటువంటి సంపుటి కట్టకపోతే పోయేది రెండవ మారు పల్లవి అందుకున్న గనికార్మికుల, కూలి తల్లుల, గూడెం పెద్దల గొంతు. ఈ పాటను పాటగా నిలబెట్టినవాళ్లు వాళ్లే కనుక, దాని చరిత్రలో మొదటి వరుస స్థానం కూడా వాళ్లదే కావాలి.